విశాఖలో వెల్లుల్లి గడ్డ ఎందుకు ఊరదు? శరదృతువు పెరటి తోట లెక్కలు

దసరా దాటగానే విశాఖపట్నంలో మిద్దెల మీద, పెరళ్లలో కుండీల పని మొదలవుతుంది. వానాకాలపు బెండ, గోరుచిక్కుడు అప్పటికి ముదిరిపోయి ఉంటాయి. వాటిని తీసేసి, మట్టి తిరగేసి, ఎరువు కలిపి, కొత్తగా ఏం వేయాలా అని చూసుకునే రోజులవి. ఆ ఊపులోనే వంటింట్లో మొలకెత్తిన వెల్లుల్లి రెబ్బల్ని కూడా ఒక కుండీలో గుచ్చుతారు. వారం పది రోజుల్లో పచ్చటి మొలక వస్తుంది. నెల తిరిగేసరికి జానెడు ఆకు. మార్చిలో ఆశగా పీకి చూస్తే మాత్రం అడుగున తెల్లటి కాడ, గుప్పెడు వేర్లు కనిపిస్తాయి. గడ్డ ఉండదు. ఉన్నా రెబ్బలుగా విడని ఒకే చిన్న ఉండ ఉంటుంది. మట్టి బాగాలేదనో, ఎరువు చాలలేదనో, తమ చేతిలోనే ఏదో లోపం ఉందనో అనుకుని చాలామంది మరుసటి ఏడాది మానేస్తారు. అలా మానేయడం అన్యాయం. లోపం చేతిలో లేదు, చాలాసార్లు మట్టిలోనూ లేదు. వెల్లుల్లి దేనికోసం ఎదురుచూస్తుందో అది విశాఖ చలికాలంలో రాదు.

వెల్లుల్లి పుట్టిల్లు మధ్య ఆసియా. అక్కడి కొండల్లో చలికాలమంతా నేలలో ఉండి, మంచు కరిగాక ఎదిగి, ఎండలు ముదిరేలోగా గడ్డ కట్టి నిద్రలోకి వెళ్లడం దాని అలవాటు. వేల ఏళ్లుగా ఎన్ని దేశాలు తిరిగినా ఆ అలవాటు పూర్తిగా పోలేదు. రెబ్బ కొన్ని వారాల పాటు, సుమారు నాలుగు నుంచి ఎనిమిది వారాలు, పది డిగ్రీల లోపు చలిని చూడాలి. అప్పుడే లోపలి మొగ్గలు రెబ్బలుగా మారడానికి సిద్ధపడతాయి. ఆ తర్వాత పగళ్లు పొడుగవుతూ, వేడి పెరుగుతూ ఉంటే గడ్డ ఊరుతుంది. మొదట చలి, ఆ తర్వాత పగటి నిడివి. చలి అందకుండా పగళ్లు ఎంత పొడుగైనా మొక్క ఆకులు వేస్తూ పోతుంది తప్ప గడ్డ మీదికి మళ్లదు. అరకొరగా అందితే రెబ్బలు విడకుండా ఒంటి ఉండగా ఆగిపోతుంది.

మన దేశంలో వెల్లుల్లి ఎక్కువగా పండేది మధ్యప్రదేశ్‌లో. మందసౌర్, నీమచ్ మార్కెట్ల నుంచి వచ్చే సరుకు దేశమంతా వెళుతుంది. ఆ ప్రాంతం మనకన్నా ఉత్తరానే ఉంది. అయినా అక్కడ ఫిబ్రవరి, మార్చి పగళ్ల నిడివికీ విశాఖ పగళ్ల నిడివికీ తేడా ఇరవై నిమిషాల లోపే. పగటి నిడివిలో పెద్ద తేడా లేనప్పుడు పంటలో ఇంత తేడా ఎందుకంటే, కారణం రాత్రుల్లో ఉంది. డిసెంబర్, జనవరిలో అక్కడ రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగుతుంది. విశాఖ తీరం వెంట జనవరి రాత్రుల్లో కూడా సాధారణంగా 17 నుంచి 20 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. సముద్రం పగలు తాగిన వేడిని రాత్రంతా వదులుతూ ఉంటుంది కాబట్టి బీచ్‌కి దగ్గరగా ఉండే పెదవాల్తేరు, లాసన్స్‌బే కాలనీ లాంటి చోట్ల చలి ఇంకా తక్కువ. పెందుర్తి వైపు వెళితే రాత్రుళ్లు కాస్త చల్లబడతాయి గానీ, వెల్లుల్లికి చాలేంత కాదు. ఆ చలి కావాలంటే ఘాట్ రోడ్డు ఎక్కాలి. అరకు, చింతపల్లి, లంబసింగి వైపు డిసెంబర్ రాత్రులు వెల్లుల్లి కోరుకునే రాత్రులే. నూట ముప్పై కిలోమీటర్ల లోపు దూరంలో ఇంత తేడా ఉన్న జిల్లా మనది (ఇప్పుడు ఆ కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి). అందుకే అరకులో ఎవరికో బాగా వచ్చిందన్న మాట పట్టుకుని ఎంవీపీ కాలనీ మిద్దె మీద అదే పద్ధతి పాటిస్తే ఫలితం రాదు.

ఈ విషయాన్ని చిక్కుడుతో పోల్చి చూస్తే ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. జూన్, జులైలో గింజ వేసిన పందిరి చిక్కుడు వానాకాలమంతా తీగలు సాగుతూనే ఉంటుంది, పూత రాదు. ఎరువు వేసినా, కొనలు తుంచినా రాదు. శరదృతువులో పగళ్లు కురచవడం మొదలయ్యాక ఒక్కసారిగా గెలలు వేస్తుంది, సంక్రాంతికి కాయలతో నిండిపోతుంది. రథసప్తమి నాడు చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టే ఆచారం ఆ కాపు రోజులకు సరిగ్గా అతుకుతుంది. పాత రకాల చిక్కుడు కాలాన్ని వెలుతురుతో లెక్కపెడుతుంది. విశాఖలో ఏడాదిలో అతి పొడవైన పగలు పదమూడు గంటల పది నిమిషాల వరకూ, అతి చిన్న పగలు పదకొండు గంటల పైన కొద్ది నిమిషాలూ ఉంటుంది. ఆ రెండు గంటల తేడా చిక్కుడుకు చాలు. వెల్లుల్లి మాత్రం ముందు చలితో లెక్కపెట్టి, ఆ తర్వాతే వెలుతురు వైపు చూస్తుంది. కాబట్టి శరదృతువులో ఏ మొక్క వేసినా, అది దేనికోసం ఆగుతుంది, ఆ సంకేతం విశాఖలో ఉందా అని ముందే తెలుసుకోవాలి. ఎరువు గురించి, మందుల గురించి ఆలోచించడం ఆ తర్వాతి పని.

వెల్లుల్లికి లేని చలిని ఇంట్లోనే కొంతవరకూ ఇవ్వవచ్చు. ఫ్రిజ్‌లో కూరగాయల అర దగ్గర సుమారు నాలుగైదు నుంచి ఎనిమిది డిగ్రీలు ఉంటుంది. వెల్లుల్లి గడ్డల్ని రెబ్బలు విడదీయకుండా, కడగకుండా, కాగితపు సంచిలో చుట్టి అక్కడ నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. ప్లాస్టిక్ కవర్ వద్దు, లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది. ఫ్రీజర్ అసలే వద్దు, రెబ్బ చచ్చిపోతుంది. దేవీ నవరాత్రులు మొదలైన రోజు ఫ్రిజ్‌లో పెడితే నాగులచవితికి దాదాపు ఐదు వారాలు అవుతుంది. పుట్టలో పాలు పోసి వచ్చాక బయటికి తీసి నాటుకోవచ్చు. తీసిన రోజే, మహా అయితే మర్నాడు నాటేయాలి. బయట వేడిలో వదిలేస్తే అందిన చలి ప్రభావం తగ్గిపోతుంది. కార్తీకమాసంలో చాలా ఇళ్లలో వెల్లుల్లి వంటలోకి రాదు. విత్తనానికి దాచిన గడ్డల్ని ఎవరూ తాలింపులోకి లాగకుండా ఉండటానికి చివరి రోజుల్లో ఇది కలిసొస్తుంది.

ఇంత చేసినా మందసౌర్ గడ్డ రాదని ముందే చెప్పుకోవాలి. రెబ్బకు చలి ఫ్రిజ్‌లో దొరికినా, నాటిన తర్వాతి రాత్రులు వెచ్చగానే ఉంటాయి. మార్చి వచ్చేసరికి పగటి వేడి ముప్పై దాటి మొక్కను తొందరపెడుతుంది. గడ్డ చిన్నదవుతుంది, రెబ్బలు సన్నవవుతాయి. ఘాటుకు మాత్రం తక్కువ ఉండదు. రకం ఎంపిక కూడా ముఖ్యం. లావుపాటి రెబ్బలున్న కశ్మీర్, హిమాలయ ప్రాంతపు గడ్డలు చూడటానికి బాగుంటాయి, కానీ అవి పొడవు పగళ్లు కోరే రకాలు. అగ్రిఫౌండ్ పార్వతి అలా కొండల కోసం తెచ్చిన రకం. మైదానాల్లో పండే యమునా సఫేద్, భీమా ఓంకార్, భీమా పర్పుల్ లాంటివి తక్కువ పగటి నిడివికే గడ్డ ఊరతాయి. భీమా రకాలు పుణె జిల్లా రాజ్‌గురునగర్‌లోని ఉల్లి, వెల్లుల్లి పరిశోధన సంస్థ నుంచి వచ్చాయి. విత్తనం దొరక్కపోతే పూర్ణా మార్కెట్‌లోనో, రైతుబజార్‌లోనో దొరికే మామూలు నాటు వెల్లుల్లి చాలు. ఒక్కో గడ్డలో పదిహేను, ఇరవై రెబ్బలున్న రకం మైదానం పంటే అయ్యుంటుంది.

అసలు విశాఖలో వెల్లుల్లిని ముందుగా ఆకు కోసం నాటడమే తెలివైన పని. ఆకుకి చలితో పనిలేదు. నాటిన నెల రోజులకు జానెడు ఎత్తు వచ్చాక పైభాగం కత్తిరించుకోవచ్చు, రెండు మూడు వారాలకు మళ్లీ వస్తుంది. గడ్డలో ఉండే గంధకపు పదార్థాలే ఆకులోనూ ఉంటాయి. తుంచినప్పుడు కణాలు చితికి, లోపలి ఎంజైమ్ ఆ పదార్థాన్ని తాకితేనే ఆ ఘాటైన వాసన పుడుతుంది. అందుకే వెల్లుల్లి ఆకును సన్నగా తరిగి, పొయ్యి మీంచి దించే ముందు పప్పులోనో గుడ్డు పొరటులోనో వేస్తే రుచి నిలుస్తుంది, ఎక్కువసేపు ఉడికిస్తే పోతుంది. శనగపిండి అట్టులోకీ, పచ్చిమిర్చితో కలిపి నూరే రోటి పచ్చడిలోకీ ఇంతకన్నా మంచి ఆకు ఈ కాలంలో దొరకదు. ఒక్క షరతు: ఆకు కోసే కుండీ వేరు, గడ్డకి వదిలే కుండీ వేరు. ఆకుని పదే పదే కోస్తే గడ్డలోకి వెళ్లాల్సిన బలం పోతుంది. ఒకే కుండీ నుంచి రెండూ ఆశించేవారికి రెండూ సగం సగమే దక్కుతాయి.

ఎప్పుడు నాటాలన్న ప్రశ్నకు విశాఖలో జవాబు చలి చెప్పదు, వాన చెబుతుంది. సెప్టెంబర్, అక్టోబర్‌లో నాటాలని చెప్పే వీడియోలు చల్లటి దేశాలకో, ఉత్తరాదికో సరిపోతాయి. విశాఖలో అక్టోబర్ వానల నెల, తుఫాన్ల నెల. నైరుతి వెళుతూ, ఈశాన్యం వస్తూ ఉండగా బంగాళాఖాతంలో వాయుగుండాలు లేస్తాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ నేరుగా ఈ నగరం మీదే తీరం దాటింది. చెట్లు కూలడం అందరికీ గుర్తుంది. నిలబడిన చెట్ల ఆకులు కూడా ఉప్పుగాలికి మాడిపోయాయి. అంత పెద్ద తుఫాను ప్రతి ఏడాదీ రాకపోయినా, రెండు మూడు రోజులు విడవకుండా కురిసే ముసురు మాత్రం అక్టోబర్‌లో మామూలే. అప్పుడే నాటిన వెల్లుల్లి రెబ్బ ఆ నీటిలో కుళ్లుతుంది. చల్లిన కొత్తిమీర, మెంతులు ఒక మూలకి కొట్టుకుపోతాయి. టమాటా, వంగ నారుకి నారుకుళ్లు తెగులు వస్తుంది. రైతులు చిత్త, స్వాతి కార్తెల వానలు చూసుకుని పనులు పెట్టుకునేది ఊరికే కాదు. మిద్దెతోట వాళ్లు కూడా ఆ లెక్క పాటించడం మంచిది. అక్టోబర్‌లో మట్టి సిద్ధం చేసుకుని, నారు నీడపట్టున పోసుకుని, అసలు నాట్లు నవంబర్ మొదటి రెండు వారాల్లో పెట్టుకుంటే చాలావరకు నష్టం తప్పుతుంది. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు పిట్టగోడ మీది కుండీలన్నీ కిందికి దించాలి. పన్నెండు అంగుళాల వెడల్పు, అంతే ఎత్తు ఉన్న సంచిలో ఇరవై లీటర్లకు పైగా మట్టి పడుతుంది, తడిస్తే ముప్పై కిలోలు దాటుతుంది. అది కింద పడితే ఒకరి ప్రాణం మీదికొస్తుంది.

వానలు తగ్గాక సముద్రం ఇంకో రకంగా పరీక్ష పెడుతుంది. బీచ్ రోడ్డుకి దగ్గరి మేడల మీద గాలితో వచ్చే ఉప్పు ఆకుల మీద పేరుకుంటుంది. ఆకు కొనలు ముందు పసుపు, తర్వాత గోధుమ రంగుకి మారతాయి. దీన్ని తెగులనుకుని మందులు కొడుతుంటారు. ఉల్లి, వెల్లుల్లి, క్యారెట్, ఫ్రెంచ్ బీన్స్ ఉప్పును తట్టుకోలేవు. బీట్‌రూట్ తట్టుకుంటుంది. మనం వండుకునే పాలకూర కూడా బీట్‌రూట్‌కి దగ్గరి చుట్టమే కాబట్టి బాగానే నిలుస్తుంది. సముద్రం కనిపించే మేడ మీద వెల్లుల్లి పెట్టాలంటే గాలి తగలని గోడ చాటు చూసుకోవాలి, గాలి గట్టిగా వీచిన మర్నాడు పొద్దున మంచినీటితో ఆకులు కడగాలి. తీరానికి దగ్గరి బోరునీరు ఉప్పగా ఉంటే అది వెల్లుల్లికి వద్దు. కొబ్బరి పొట్టు వాడేవారు దాన్నీ రెండు మూడు నీళ్లలో కడిగి పిండాలి, అందులోనూ ఉప్పు ఉంటుంది. పాతనగరం వైపు ఇళ్లలో ఆకుల మీద పడే నల్లటి దుమ్ముకి కూడా కడగడమే మందు.

ఎండ సంగతి చాలామంది పట్టించుకోరు. మే రెండో సగం నుంచి జులై వరకూ విశాఖలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అందుకే అప్పుడు ఉత్తరం బాల్కనీలో కూడా మొక్కలు బాగుంటాయి. నవంబర్ నుంచి సూర్యుడు బాగా దక్షిణానికి వాలిపోతాడు. ఉత్తరం బాల్కనీకి ఎండే తగలదు. మిద్దె మీద కూడా దక్షిణం వైపు మూడున్నర అడుగుల పిట్టగోడ ఉంటే డిసెంబర్ మిట్టమధ్యాహ్నం దాని నీడ మూడు అడుగుల దాకా పడుతుంది. ఆ గోడని ఆనుకుని పెట్టిన కుండీ రోజంతా నీడలోనే ఉంటుంది. వెల్లుల్లికి కనీసం ఆరు గంటల ఎండ కావాలి. వానాకాలంలో కుండీలు ఎక్కడున్నాయో అక్కడే వదిలేయకుండా, దీపావళి నాటికి ఒకసారి ఎండ ఎటు పడుతోందో చూసి జరపడం వల్ల వచ్చే ఫలితం ఏ ఎరువుతోనూ రాదు.

మట్టి విషయానికొస్తే, విశాఖ చుట్టుపక్కల దొరికేది ఎక్కువగా ఎర్రమట్టే. నీరు త్వరగా ఇంకుతుంది గానీ సారం తక్కువ, ఆరితే పైన పెచ్చు కడుతుంది. వానాకాలమంతా కుండీ అడుగు నుంచి పోషకాలు కొట్టుకుపోయి ఉంటాయి కూడా. ఎర్రమట్టి ఒక వంతు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్ ఒక వంతు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక వంతు కలిపి, కుండీకి గుప్పెడు వేపపిండి వేస్తే వెల్లుల్లికీ ఆకుకూరలకీ సరిపోతుంది. మాగని పేడ వేస్తే వేడికి రెబ్బ మాడుతుంది. వెల్లుల్లి వేర్లు లోతుకు వెళ్లవు కాబట్టి ఎనిమిది అంగుళాల లోతున్న తొట్టి చాలు. గడ్డ చుట్టూ ఉండే లావు రెబ్బలే నాటాలి, లోపలి సన్నవి వంటకి ఉంచుకోవాలి. పొట్టు తీయకూడదు. చదునుగా ఉన్న వేరు భాగం కిందికి, మొన పైకి ఉండేలా మూడు నాలుగు సెంటీమీటర్ల లోతున, రెబ్బకీ రెబ్బకీ పది సెంటీమీటర్ల దూరంలో పెట్టాలి. ఆకు కోసమైతే ఆ దూరం సగం చాలు. పైన ఎండుటాకులు గానీ, తీరం వెంట కావలసినంత దొరికే సరుగుడు ఆకులు గానీ పలచగా కప్పితే పెచ్చు కట్టదు, తడి నిలుస్తుంది.

మిగతా పంటల్లో టమాటాకి ఇది నిజంగా మంచి కాలం. రాత్రులు ఇరవై డిగ్రీల దగ్గరికి దిగితేనే దాని పూత బాగా నిలుస్తుంది, వేసవిలో పూత రాలేది అందుకే. కాలీఫ్లవర్‌ది మళ్లీ వెల్లుల్లి కథే. ఆలస్యపు రకాలకు పది నుంచి పదహారు డిగ్రీల చలి కావాలి, అవి విశాఖలో పువ్వు వేయక ఆకులుగానే మిగులుతాయి. వేడిని తట్టుకునే తొలికాలపు రకమని విత్తనాల ప్యాకెట్ మీద చూసి కొనాలి. ముల్లంగి, బీట్‌రూట్, మెంతికూర, కొత్తిమీరకి పెద్ద సాధన అక్కర్లేదు. ధనియాలు రెండుగా నలిపి చల్లాలి, మెంతికూర నెల లోపే కోతకొస్తుంది, పది రోజుల తేడాతో కొంచెం కొంచెం చల్లుకుంటే సంక్రాంతి దాటే దాకా కొనే పని ఉండదు.

నాటిన తర్వాత వెల్లుల్లికి మొదటి నలభై ఐదు, అరవై రోజులే తిండి పెట్టాలి. పదిహేను రోజులకోసారి జీవామృతం గానీ, వర్మీకంపోస్ట్ నీళ్లు గానీ చాలు. ఆ తర్వాత కూడా నత్రజని ఎక్కువిస్తే ఆకు దట్టమై గడ్డ వెనకబడుతుంది. నీళ్లు కొద్దికొద్దిగా, తరచుగా పోయాలి. జనవరి, ఫిబ్రవరిలో వాతావరణం పొడిబారాక తామర పురుగులు వస్తాయి. ఆకుల మీద వెండి రంగు చారలు కనిపిస్తే, మొవ్వులో వేలితో విడదీసి చూస్తే సన్నటి పసుపు పురుగులు దొరుకుతాయి. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం పూట మొవ్వులోకి దిగేలా కొట్టాలి. మంచు పడే రోజుల్లో ఊదారంగు మచ్చలు వస్తే ఆ ఆకుల్ని తీసి దూరంగా పారేయాలి, నీళ్లు ఆకుల మీద కాకుండా మొదట్లో పోయాలి. అదే సమయంలో చిక్కుడు గెలలకి పేనుబంక పడుతుంది. దానికీ వేపనూనే. వెల్లుల్లి మధ్యలో నాటితే మిగతా మొక్కలకు పురుగు రాదని చాలామంది నమ్ముతారు. దాని వాసన కొంత పనిచేస్తుందేమో గానీ, దాన్నే నమ్ముకుని రోజూ ఆకు తిప్పి చూడటం మానేయకూడదు. వెల్లుల్లి, పచ్చిమిర్చి దంచి కాచి తీసిన కషాయం మొక్కల మీద కొట్టడం అంతకన్నా నమ్మదగిన పద్ధతి.

మార్చిలో కింది ఆకులు సగం వరకూ ఎండాక నీళ్లు ఆపేసి, రెండు వారాలకు పీకాలి. వేర్లూ ఆకులూ ఉండగానే గాలాడే నీడలో పది, పదిహేను రోజులు వేలాడదీస్తే పొట్టు గట్టిపడి నిల్వ ఉంటాయి. ఎండలో ఆరబెడితే గడ్డ ఉడికినట్టై పాడవుతుంది. రెబ్బలు విడకుండా ఒంటి ఉండలుగా వచ్చినవి పనికిరానివేం కావు. వంటకి ఒలవడం తేలిక కూడా. వాటిలో పెద్దవి నాలుగైదు దాచి, వచ్చే నవరాత్రులకు ఫ్రిజ్‌లో పెట్టి, నవంబర్‌లో మళ్లీ నాటాలి. ఒంటి ఉండలో ఒక్క రెబ్బ కన్నా ఎక్కువ తిండి నిల్వ ఉంటుంది కాబట్టి మొక్క మొదటి నుంచీ బలంగా లేస్తుంది, చలి కూడా అందితే ఈసారి రెబ్బలు విడే అవకాశం ఎక్కువ.